గాలికి చోటు చేస్తేనే ఇంధనం పనికొస్తుంది: ఒక డీజిల్ పికప్ ఇంజిన్ అప్‌గ్రేడ్ కేస్ స్టడీ

ఈ కేసులోని వాహనం 3.0 లీటర్ల, నాలుగు సిలిండర్ల కామన్ రైల్ (ఒకే అధిక పీడనపు గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ ఇంధనం అందే) డీజిల్ ఇంజిన్ ఉన్న డబుల్ క్యాబ్ పికప్. ఇంజిన్‌లోకి గాలిని కుదించి పంపే, వేన్ల (రెక్కల) కోణం మార్చుకోగల వేరియబుల్ జామెట్రీ టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఎగ్జాస్ట్‌లో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్, మసిని పట్టే డీజిల్ పర్టిక్యులేట్ ఫిల్టర్ (డీపీఎఫ్), ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ దీనిలో ఉన్నాయి. తయారీదారు చెప్పిన ప్రకారం 1,600 నుంచి 2,800 ఆర్‌పీఎం వరకు 400 న్యూటన్ మీటర్ల టార్క్, 3,600 ఆర్‌పీఎం దగ్గర 125 కిలోవాట్ల పవర్ రావాలి. యజమాని ఈ బండికి రెండున్నర టన్నుల ట్రైలర్ కట్టి తరచూ కొండదారుల్లో తిప్పుతారు. మా దగ్గరికి వచ్చేసరికే ఆయన వేరేచోట ఒక ట్యూనింగ్ బాక్స్ పెట్టించుకున్నారు.

“పవర్ పెరుగుతుందని ఆ డబ్బా పెట్టించానండి. అయినా చడావు వచ్చిందంటే మూడో గేరుకు దించక తప్పడం లేదు, వెనకంతా నల్ల పొగ. పెద్ద టర్బో వేసేద్దామా?” అని అడిగారు.

“టర్బో సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఈ బండి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇచ్చినంతైనా ఇప్పుడు ఇస్తోందో లేదో కొలవాలి,” అని చెప్పాం.

పవర్ పెంచమని వచ్చేవారిలో ఎక్కువమందికి ఎంత పవర్ కావాలో తెలియదు. తెలియాల్సిన అవసరం వారికి లేదు కూడా. దాన్ని లెక్కగట్టవలసిన బాధ్యత మెకానిక్‌ది. బండి, ట్రైలర్, సరుకు కలిపి 4,700 కిలోల బరువు అనుకుందాం. 7 శాతం ఎత్తున్న రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని నిలబెట్టాలంటే, ఎత్తు ఎక్కడానికి సుమారు 3,230 న్యూటన్లు, టైర్ల రాపిడికీ గాలి ఎదురుకీ కలిపి మరో 890 న్యూటన్లు, మొత్తం దాదాపు 4,100 న్యూటన్ల లాగుడు బలం చక్రాల దగ్గర అవసరం. ఆ వేగానికి అది 69 కిలోవాట్లు అవుతుంది. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లలో పోయే 14 శాతాన్ని కలుపుకుంటే ఇంజిన్ 80 కిలోవాట్లు ఇవ్వాలి. ఈ బండిలో నాలుగో గేరులో 60 కిలోమీటర్ల వేగమంటే సుమారు 2,000 ఆర్‌పీఎం. ఆ చోట 80 కిలోవాట్లు రావాలంటే 380 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. అంటే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ తన 400తో ఆ ఎత్తును నాలుగో గేరులో అంతంతమాత్రం మిగులుతో ఎక్కగలదు. ఎక్కలేకపోతోందంటే పోల్చవలసింది పక్క బండితో కాదు, ఈ బండి కొత్తగా ఉన్నప్పటి లెక్కతోనే.

పాత లెక్క ఎక్కడ పోయింది

ట్యూనింగ్ బాక్స్ తీసి పక్కన పెట్టి, బండిని డైనో (చక్రాల దగ్గర టార్క్, పవర్ కొలిచే యంత్రం) మీద ఐదో గేరులో పరీక్షించాం. డైనో చూపేది చక్రాల దగ్గర చేరిన బలం కాబట్టి, ఈ కేసు మొత్తంలో ఇంజిన్ టార్క్‌కు మారేటప్పుడు ముందూ తర్వాతా ఒకే 14 శాతం నష్టాన్ని వాడాం. ఆ 14 కచ్చితమా కాదా అన్నదాని కన్నా రెండుసార్లూ ఒకటే కావడం ముఖ్యం. 2,000 ఆర్‌పీఎం దగ్గర చక్రాల మీద 298 న్యూటన్ మీటర్లు వచ్చాయి. ఇంజిన్ దగ్గర అది 346. కావలసింది 380 కాబట్టి చడావులో మూడో గేరుకు ఎందుకు దిగవలసి వస్తోందో ఆ ఒక్క అంకెతోనే తేలిపోయింది.

డైనో మీద బండి నడుస్తుండగా ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) నుంచి తీసిన లాగ్‌లో, కోరిన బూస్ట్‌కూ (టర్బో పెంచే గాలి పీడనం) వచ్చిన బూస్ట్‌కూ 2,000 ఆర్‌పీఎం దాటాక తేడా పెరుగుతూ పోయింది. టర్బో వేన్లు దాదాపు పూర్తిగా మూసుకుని, అంటే టర్బో తన శక్తినంతా పెట్టి తిరుగుతున్నా, పీడనం అందడం లేదు. గాలి ఎక్కడో బయటికి పోతోందని దీని అర్థం. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కు వచ్చే రబ్బరు హోస్ పైకి చూస్తే బాగానే ఉంది. కానీ క్లాంపు అంచు వెంట వేలి వెడల్పు మేర నూనె తడి, దాని మీద అతుక్కున్న దుమ్ము కనిపించాయి. పైపులను మూసి బయటి నుంచి ఒక బార్ గాలి పట్టించి సబ్బునీళ్లు రాస్తే, క్లాంపు కింద దాగిన చీలిక పెదవుల్లా విచ్చుకుని బుడగలు కక్కింది. గాలి వదలగానే మళ్లీ కనిపించకుండా మూసుకుపోయింది. బండి నిలిపి చూసినప్పుడు ఇలాంటి చీలిక ఎంత అనుభవజ్ఞుడి కంటికైనా చిక్కదు.

మిగతావి ఇంత నాటకీయమైనవి కావు. బూస్ట్ సెన్సర్ మూతి మసితో సగం పూడిపోయింది. ఇంధన ఫిల్టర్ మార్చవలసిన కాలం దాటిపోయింది. మూడో సిలిండర్ ఇంజెక్టర్‌కు ఈసీయూ ఐడిల్‌లో మిగతా వాటికన్నా బాగా ఎక్కువ దిద్దుబాటు ఇస్తోంది. రిటర్న్ పరీక్షలో ఆ ఒక్క ఇంజెక్టర్ నుంచే ఇంధనం ఎక్కువగా వెనక్కి పోతున్నట్టు తేలింది. దాన్ని మార్చి, కొత్త దాని మీదున్న క్యాలిబ్రేషన్ కోడ్‌ను ఈసీయూలో నమోదు చేశాం. కొందరు ఈ చివరి పనిని వదిలేస్తారు. కొత్త ఇంజెక్టర్‌ను పాత కోడ్‌తో నడిపితే ఆ సిలిండర్‌కు అందే ఇంధనం అంచనాగానే ఉంటుంది, దాని మీద చేసే ట్యూనింగ్ కూడా అంచనాగానే మిగులుతుంది.

టర్బో యాక్చుయేటర్‌కు (వేన్లను కదిలించే పరికరం) చేతిపంపుతో వ్యాక్యూమ్ ఇచ్చి చూస్తే కడ్డీ సాఫీగా లోపలికి వెళ్తోంది కానీ తిరిగి వచ్చేటప్పుడు మూడింట రెండు వంతుల దగ్గర కొద్దిగా తడబడుతోంది. వేన్లను తిప్పే రింగు చుట్టూ మసి గట్టిపడితే ఇలాగే ఉంటుంది. ఈ తడబాటు ఉన్న టర్బో స్టాక్ మ్యాపుతో, అంటే ఈసీయూలో కంపెనీ రాసిన ఇంధనం, బూస్ట్ పట్టికలతో, ఏళ్ల తరబడి నడవవచ్చు. బూస్ట్ పెంచిన మ్యాపుతో మాత్రం, పెడల్ వదిలిన క్షణంలో వేన్లు తెరుచుకోవడం ఆలస్యమైతే పీడనం లక్ష్యాన్ని దాటి ఎగబాకుతుంది. అందుకని టర్బోను దించి, టర్బైన్ వైపు శుభ్రం చేయించి తిరిగి బిగించాం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కూడా దిగే ఉంది కాబట్టి ఉష్ణోగ్రత ప్రోబ్ కోసం దానికి అప్పుడే రంధ్రం వేశాం. ఇంజిన్ మీదే ఉంచి డ్రిల్ చేసి, ఇనుప పొట్టంతా బయటికే వచ్చిందని నమ్మేవారు ఉన్నారు. టర్బైన్ చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుందని గుర్తుంటే ఆ నమ్మకం మీద ఎవరూ పందెం కాయరు.

ఇవన్నీ అయ్యాక అదే డైనో మీద, అదే గేరులో 344 న్యూటన్ మీటర్లు వచ్చాయి. ఇంజిన్ దగ్గర లెక్కగడితే సరిగ్గా 400. ఒక్క అప్‌గ్రేడ్ విడిభాగం కూడా బిగించకుండానే, డబ్బా తీసి మొదట కొలిచిన దాని మీద 15 శాతానికి పైగా టార్క్ తిరిగి వచ్చింది.

ఆ డబ్బా చేసిన పని

ఈ కేసులో ట్యూనింగ్ బాక్స్ గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే డీజిల్ పికప్‌లకు తొలి అప్‌గ్రేడ్‌గా అమ్ముడుపోయేది చాలాసార్లు అదే. ఇది రైల్ ప్రెజర్ సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుంటుంది. రైల్‌లో 1,800 బార్ ఉంటే ఈసీయూకు 1,600 అని చెబుతుంది. ఈసీయూ తాను అనుకున్న వ్యవధికే ఇంజెక్టర్‌ను తెరుస్తుంది కానీ పీడనం ఎక్కువ కాబట్టి ఇంధనం ఎక్కువ పడుతుంది. ఎంత ఎక్కువ? ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, పీడనం 12.5 శాతం పెరిగితే ఇంధనం 6 శాతమే పెరుగుతుంది. ఆ 6 శాతం కోసం హై ప్రెజర్ పంపు, రైల్, ఇంజెక్టర్లు అన్నీ తయారీదారు గీసిన గీత దగ్గరో దాటిన చోటో పనిచేస్తాయి.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. ఇంధనం ఎంత పడుతోందో ఈసీయూకు తెలియదు. గాలిని బట్టి ఇంధనాన్ని అదుపులో ఉంచే పొగ పరిమితి పట్టిక ఈసీయూలో ఉంటుంది. తనకు తెలియని ఇంధనాన్ని అది ఎలా అదుపు చేస్తుంది? ఈ బండిలో ఒకపక్క హోస్ చీలికతో గాలి తగ్గింది, మరోపక్క డబ్బా వల్ల ఇంధనం పెరిగింది. కాలడానికి ఆక్సిజన్ దొరకని ఇంధనం మసిగా మారి డీపీఎఫ్‌లోకి చేరింది. మామూలుగా కొన్ని వందల కిలోమీటర్లకోసారి జరగవలసిన రీజనరేషన్ (చేరిన మసిని వేడితో కాల్చేయడం), ఇక్కడ దాదాపు ప్రతి 150 కిలోమీటర్లకు మొదలవుతోంది. రీజనరేషన్‌లో డీపీఎఫ్‌ను 600 డిగ్రీల వరకు వేడెక్కించడానికి ఆలస్యంగా చిమ్మే ఇంధనంలో కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం గరిష్ఠ గీతను దాటి ఉండడానికి కారణం అదే. డబ్బాను యజమానికి తిరిగి ఇచ్చి, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాం.

ఎంత పెంచాలి, ఎందుకు అంతే

లక్ష్యాన్ని ఇంజిన్ కన్నా ముందు గేర్‌బాక్స్ నిర్ణయించింది. దానికి తయారీదారు ఇచ్చిన ఇన్‌పుట్ పరిమితి 500 న్యూటన్ మీటర్లు. ట్రైలర్ లాగే బండి ఆ పరిమితి దగ్గర క్షణాలు కాదు, నిమిషాల తరబడి ఉంటుంది. అందుకే 480 దగ్గర ఆగాలని నిశ్చయించాం. 7 శాతం ఎత్తులో కావలసిన 380కి ఇది పావు వంతు మిగులు ఇస్తుంది. యజమాని అడిగింది నిజానికి ఆ మిగులునే.

ఇప్పుడు ఆ 480కి ఏమేం కావాలో లెక్క. 2,000 ఆర్‌పీఎం దగ్గర 400 న్యూటన్ మీటర్లంటే 84 కిలోవాట్లు. కిలోవాట్ గంటకు 220 గ్రాముల ఇంధనం చొప్పున, నాలుగు సిలిండర్లలో నిమిషానికి 4,000 ఇంజెక్షన్లకు పంచితే ఒక్కోసారి 77 మిల్లీగ్రాములు పడుతుంది. 480కి అది సుమారు 90 మిల్లీగ్రాములు. ఇంజిన్ అంతర్గత రాపిడి టార్క్‌తో పాటు అంతగా పెరగదు కాబట్టి 20 శాతం టార్క్‌కు 17 శాతం ఇంధనం సరిపోతుంది. ఇక గాలి. 0.75 లీటర్ల సిలిండర్‌లోకి, వాతావరణ పీడనం కలుపుకుని 2.2 బార్ వద్ద, 60 డిగ్రీల గాలి వెళితే, నింపుడు సామర్థ్యం 88 శాతం అనుకున్నా 1.52 గ్రాములు చేరుతుంది. 77 మిల్లీగ్రాముల ఇంధనంతో ఇది ఒకటికి 19.7 నిష్పత్తి. శుభ్రంగా కాలుతుంది. అదే గాలిలో 90 మిల్లీగ్రాములు పోస్తే నిష్పత్తి 16.9కి పడుతుంది. సిద్ధాంతపరంగా డీజిల్ పూర్తిగా కాలడానికి 14.5 చాలు, కానీ చిమ్మిన ఇంధనం సిలిండర్‌లో గాలితో సమంగా కలవడానికి వ్యవధి ఉండదు. 18కి దిగువన పొగ, దానితోపాటు ఎగ్జాస్ట్ వేడి రెండూ వేగంగా పెరుగుతాయి.

నిష్పత్తిని మళ్లీ 19.8 దగ్గర నిలపాలంటే 1.78 గ్రాముల గాలి కావాలి. దానికి రెండు దారులున్నాయి: పీడనం పెంచడం, ఉష్ణోగ్రత తగ్గించడం. ఒక్క పీడనంతోనే సాధిస్తే టర్బో మీద భారం, దానితో గాలి వేడి పెరుగుతాయి. రెంటినీ కొంచెం కొంచెం వాడితే 2.5 బార్, 50 డిగ్రీల దగ్గర లెక్క కుదిరింది. కంప్రెసర్ మ్యాపులో (టర్బో ఏ పీడనం వద్ద ఎంత గాలి ఇవ్వగలదో చూపే గ్రాఫు) చూస్తే 2,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 7 కిలోలు, 3,400 దగ్గర 11 కిలోల గాలి స్టాక్ టర్బోకు సౌకర్యమైన పరిధిలోనే ఉన్నాయి. పెద్ద టర్బో ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. పెద్దది వేస్తే 2,000 దిగువన, అంటే ట్రైలర్‌తో కదిలే చోటనే, బూస్ట్ ఆలస్యమై ఉన్న లాగుడు కూడా పోయేది.

ఇంటర్‌కూలర్ మార్చితే పెరగనిది, పెరిగేది

30 డిగ్రీల గాలిని టర్బో 2.2 రెట్లు కుదిస్తే, కంప్రెసర్ సామర్థ్యం 72 శాతం అనుకున్నప్పుడు, అది సుమారు 136 డిగ్రీలకు చేరుతుంది. 2.5 రెట్లకు 156. స్టాక్ ఇంటర్‌కూలర్ 136ను 60కి దించగలుగుతోంది, అంటే దించగలిగిన దానిలో 72 శాతం. 156 వస్తే అదే సామర్థ్యంతో 65కే దించుతుంది, మనకు కావలసింది 50. అదే చోట పట్టే, మందం ఎక్కువున్న బార్ అండ్ ప్లేట్ ఇంటర్‌కూలర్‌ను ఎంచుకున్నాం. మందం మరీ పెంచితే వెనకనున్న రేడియేటర్‌కు గాలి అందదు. ట్రైలర్ లాగే బండికి అది ఇంకో తలనొప్పి. ప్రధాన హోస్‌ల స్థానంలో అల్యూమినియం పైపులు, కీళ్ల దగ్గర పొరల సిలికాన్ హోస్‌లు, వెడల్పు క్లాంపులు వేశాం.

స్టాక్ మ్యాపుతోనే, కేవలం ఈ మార్పుతో మళ్లీ డైనో ఎక్కించాం. టార్క్ 344 నుంచి 346 అయింది. కొలతలో వచ్చే సహజమైన ఊగిసలాటకు మించి ఏమీ పెరగలేదన్నమాట. ఇది చూసి యజమాని కొంత నిరుత్సాహపడ్డారు, కానీ డీజిల్ స్వభావమే అది. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి పెరిగితే ఈసీయూ దానికి తగ్గ ఇంధనం కలుపుతుంది, పవర్ పెరుగుతుంది. డీజిల్‌లో డ్రైవర్ అడిగిన టార్క్‌కు ఎంత ఇంధనమో మ్యాపులో రాసి ఉంటుంది; గాలి మిగిలినా అది అంతే పోస్తుంది. మిగిలిన గాలి టార్క్‌గా కాక చల్లదనంగా బయటపడుతుంది. ట్రైలర్ కట్టి నిలకడగా చడావు ఎక్కించినప్పుడు, టర్బోకు ముందు కొలిచిన ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత స్టాక్ ఇంటర్‌కూలర్‌తో 690 డిగ్రీలు ఉండేది, కొత్తదానితో 655కు దిగింది. ఈ 35 డిగ్రీలే మ్యాపు మార్చడానికి దొరికిన చోటు. పవర్ పెంచుతాయని పెట్టె మీద రాసి అమ్మే గాలి వైపు విడిభాగాలన్నిటికీ, డీజిల్ విషయంలో, ఈ మాట వర్తిస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో మా పద్ధతి కొందరికి నచ్చదు. పూర్తి లోడులో ఫిల్టర్ తర్వాతి పైపులో మానోమీటర్ పెట్టి పీడనం ఎంత పడిపోతోందో కొలిచాం. కొత్త కాగితపు ఫిల్టర్‌తో అది 25 మిల్లీబార్ల దగ్గర ఉంది. కంప్రెసర్‌లోకి వెళ్లే ఒక బార్ గాలి లెక్కలో అది రెండున్నర శాతం. ఆ రెండున్నర శాతంలో సగం ఆదా చేయడానికి నూనె పూసిన కాటన్ ఫిల్టర్ వేసి, దుమ్మునూ, ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద నూనె పొరనూ కొనితెచ్చుకోవడం మాకు సమ్మతం కాదు. స్టాక్ ఫిల్టరే ఉంచాం.

డీపీఎఫ్‌ను తీసేయమని కూడా యజమాని అడిగారు, అందరూ తీయిస్తున్నారని అన్నారు. అలా తీయించినవారు నిజంగానే చాలామంది ఉన్నారు: అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020 నవంబరు నివేదిక ప్రకారం, అంతకుముందు దశాబ్దంలో ఆ దేశంలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్‌ల ఉద్గార నియంత్రణ పరికరాలను తొలగించారు. అక్కడా, మరెన్నో దేశాల్లోనూ అది చట్టవిరుద్ధం. చట్టం మాట పక్కన పెట్టినా, ఈ బండిలో మసి కాలిపోయి శుభ్రంగా ఉన్న డీపీఎఫ్ పూర్తి లోడులో కలిగించే ఎదురు పీడనం మన లక్ష్యానికి అడ్డు కాదని దాని ముందూ వెనకా పీడనం తేడాను కొలిచే డిఫరెన్షియల్ ప్రెజర్ సెన్సరే చూపించింది. దాన్ని ఊపిరాడకుండా చేసింది పైనుంచి వచ్చిన మసి. డీపీఎఫ్‌నూ, దాని తర్వాతి సైలెన్సర్‌నూ ముట్టుకోలేదు.

మ్యాపు

ఈసీయూ ఫైలులో మార్చినవి: టార్క్ పరిమితి, కోరే బూస్ట్, దానికి తగ్గ వేన్ల స్థానం, ఇంజెక్షన్ వ్యవధి, ఇంజెక్షన్ ఆరంభం. మార్చకూడదని ముందే నిర్ణయించినవి కూడా అంతే ముఖ్యం. రైల్ ప్రెజర్ గరిష్ఠ పరిమితిని తయారీదారు పెట్టిన చోటే ఉంచాం. పొగ పరిమితి పట్టికను సడలించలేదు. గాలి ఎప్పుడు తగ్గినా, రేపు మరో హోస్ చీలినా, ఇంధనాన్ని అదే కోసేయాలి. నీళ్లు, ఎగ్జాస్ట్ వేడెక్కినప్పుడు పవర్ తగ్గించే రక్షణలను అలాగే ఉంచాం. వీటిని ఆపేస్తే డైనో కాగితం అందంగా వస్తుంది, పిస్టన్ ఖర్చు తర్వాత వస్తుంది.

1,600 ఆర్‌పీఎం దిగువన టార్క్‌ను అసలు ముట్టుకోలేదు. యజమానికి మొదట ఇది అర్థం కాలేదు, కదిలేటప్పుడే కదా బలం కావాలని ఆయన వాదన. అయితే తక్కువ ఆర్‌పీఎంలో పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి గరిష్ఠ పీడనం కనెక్టింగ్ రాడ్ మీదా బేరింగుల మీదా ఎక్కువసేపు నిలబడుతుంది, బేరింగులో ఆయిల్ పొర కూడా అప్పుడే పలుచగా ఉంటుంది, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ స్ప్రింగులకు పడే దెబ్బలూ అక్కడే ఎక్కువ. కదిలేటప్పుడు కావలసిన బలాన్ని మొదటి గేరు ఎలాగూ ఇస్తుంది. 1,600 నుంచి మెల్లగా పెంచి, 2,000 నుంచి 2,600 వరకు 480 నిలిపి, అక్కణ్నుంచి తగ్గిస్తూ 3,400 దగ్గర 140 కిలోవాట్ల వద్ద ముగించాం.

పై ఆర్‌పీఎంలో ఎందుకు తగ్గించాలంటే, 2,000 ఆర్‌పీఎంలో ఒక మిల్లీ సెకనుకు క్రాంక్ 12 డిగ్రీలు తిరుగుతుంది, 3,400లో 20 డిగ్రీలకు పైగా తిరుగుతుంది. అదే ఇంధనాన్ని అదే ఇంజెక్టర్ రంధ్రాల గుండా పోయడానికి పట్టే సమయం మారదు కాబట్టి, పైన చివరి చుక్కలు పిస్టన్ బాగా కిందికి దిగాక కాలతాయి. అప్పుడు కాలిన దానిలో ఎక్కువ భాగం పనిగా మారక వేడిగా టర్బైన్‌కు పోతుంది. ఇంజెక్షన్‌ను ముందుకు జరిపి కొంత సరిదిద్దవచ్చు, కానీ జరిపిన కొద్దీ సిలిండర్ గరిష్ఠ పీడనం పెరుగుతుంది. ఒక డిగ్రీకి మించి జరపలేదు. టర్బైన్ ముందు ఉష్ణోగ్రతకు 750 డిగ్రీలను మా హద్దుగా పెట్టుకున్నాం. ట్రైలర్‌తో నిలకడగా ఎక్కినప్పుడు అది 720 దగ్గర స్థిరపడింది. పెడల్ తొక్కిన క్షణంలో కనిపించే శిఖరం కన్నా, రెండు మూడు నిమిషాలు తొక్కి ఉంచితే ఎక్కడ నిలుస్తుందన్నదే చూడవలసిన అంకె. చిన్న ఫ్యాన్ పెట్టుకుని డైనో మీద పట్టుమని పది సెకన్లు లాగి చూసే పరీక్షలో ఇది ఎప్పటికీ తెలియదు.

క్లచ్ ముందే అంచనా వేసినట్టే తేలిపోయింది. తయారీదారులు సాధారణంగా ఇంజిన్ టార్క్ మీద పావు వంతు వరకే మిగులు ఉంచుతారు; ఇక్కడది అరిగి ఉన్నది కూడా. ఆరో గేరులో తక్కువ వేగం నుంచి పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం సూది లేచింది, స్పీడోమీటర్ మాత్రం కదల్లేదు. 600 న్యూటన్ మీటర్ల సామర్థ్యమున్న క్లచ్ వేసి, ఫ్లైవీల్‌ను పరిశీలించి బాగుండడంతో దాన్నే ఉంచాం. క్లచ్ పెడల్ కాస్త బరువైంది. క్రాంక్ కేసు నుంచి వచ్చే నూనె ఆవిరిని పట్టే సెపరేటర్, డ్యాష్‌బోర్డు మీద ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత గేజి కూడా చేరాయి.

ఫలితం, ఆ తర్వాతి అభ్యర్థన

చివరి డైనోలో చక్రాల మీద 412 న్యూటన్ మీటర్లు, 120 కిలోవాట్లు వచ్చాయి. బండి మొదట వచ్చిన రోజున అవి 298, 91. మూడో గేరుకు దిగిన ఆ చడావునే అంతే బరువుతో నాలుగో గేరులో, పెడల్ పూర్తిగా తొక్కకుండానే ఎక్కింది. రీజనరేషన్ దూరం 500 కిలోమీటర్ల పరిసరాలకు తిరిగి వెళ్లింది. ట్రైలర్ లేనప్పుడు ఇంధన వినియోగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ట్రైలర్‌తో కొద్దిగా తగ్గిందని యజమాని అన్నారు. పై గేరు నిలబడుతున్నందువల్ల అది సాధ్యమే కానీ మేం కొలవలేదు కాబట్టి ఫలితాల్లో చేర్చడం లేదు.

బండి అప్పగించేటప్పుడు రాతపూర్వకంగా ఇచ్చిన షరతులు కొన్ని ఉన్నాయి. డీపీఎఫ్‌కు సరిపడే, బూడిద తక్కువ వచ్చే ఆయిల్ మాత్రమే వాడి, మార్చే దూరాన్ని తయారీదారు చెప్పిన దానిలో సగానికి తగ్గించాలి. గేజి 750 దాటితే ఒక గేరు దించాలి. ఆర్‌పీఎం పెరిగితే గాలి పెరిగి వేడి తగ్గుతుంది. వారంటీ, బీమా సంస్థలకు ఈ మార్పు తెలియజేయాలి. ట్రైలర్ లాగే బరువుకు తయారీదారు పెట్టిన పరిమితి ఇంజిన్ బలంతో పాటు పెరగదు, దాన్ని బ్రేకులు, ఛాసిస్, హిచ్ నిర్ణయిస్తాయి.

కొంతకాలానికి ఆయిల్ మార్పుకు వచ్చినప్పుడు లాగ్‌లు తీసి చూశాం. కోరిన బూస్ట్, వచ్చిన బూస్ట్ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఇంజెక్టర్ల దిద్దుబాట్లు నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయి, వేసవి చడావులో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 728 డిగ్రీలు. ఈసారి యజమాని 550 న్యూటన్ మీటర్లు సాధ్యమా అని అడిగారు. లెక్క ఆయన ముందే వేసి చూపించాం: ఒక్కో ఇంజెక్షన్‌కు 103 మిల్లీగ్రాముల ఇంధనం, అది శుభ్రంగా కాలడానికి 2.04 గ్రాముల గాలి, దానికి దాదాపు 2.9 బార్. ఫిల్టర్ దగ్గరా ఇంటర్‌కూలర్‌లోనూ పోయేది కలిపితే కంప్రెసర్ మూడు రెట్లకు పైగా కుదించాలి, ఈ టర్బో మ్యాపులో ఆ గీతే లేదు. టర్బో మారిస్తే పై ఆర్‌పీఎంలో పోయవలసిన ఇంధనానికి ఇంజెక్టర్లు మారాలి, వాటితోపాటు మ్యాపు మొదటి నుంచి రాయాలి. అన్నీ మార్చినా 500 పరిమితి ఉన్న గేర్‌బాక్స్ అక్కడే ఉంటుంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఈసారికి ఆయిలూ ఫిల్టర్లూ మార్చి ఇవ్వమన్నారు.